తొక్క తీసిన ముక్కలు

నవంబరు 4

పంపిన సరుకులో నలభై ఆరు పెట్టెలు వెనక్కి వచ్చాయి. అన్నిటి మీదా మూడో బల్ల ముద్రే. మూడో బల్ల దగ్గర ఆపిల్ కాయలు ఏరి పెట్టెల్లో సర్దేది ఇద్దరమే. నేనూ, తక్కెడ వదినా.

మేస్త్రి ఒక పెట్టె తెచ్చి షెడ్డు మధ్యలో బోర్లించాడు. కాయ కాయకీ గోధుమరంగు మచ్చ. కొన్నింటికి మచ్చ పెరిగి సగం కాయ కుళ్ళిపోయింది. తొక్క మీద నువ్వుగింజంత గాటు పడితే చాలు. ఏరిన రోజు కంటికి ఆనదు, మూడు వారాలకు బయటపడుతుంది. అందుకే ఈ పనిలో గోళ్ళు పెంచకూడదు, ఉంగరాలు తీసి గుమ్మం దగ్గర రేకు డబ్బాలో వెయ్యాలి. పనిలో చేరిన రోజు ఈ మాట నాకు చెప్పింది వదినే.

మా ఇద్దరినీ చేతులు చాపమన్నాడు మేస్త్రి. వదిన కుడి బొటనవేలి గోరు పెరిగి ఉంది. వారం రోజులుగా ఇంట్లో బఠాణీలు ఒలుస్తున్నానని, అందుకని ఉంచానని చెప్పింది. ఆ కాయలు ఏరి మూడు వారాలైంది. అప్పుడు ఆ గోరు లేదు. పక్కనే నిలబడి పని చేసినదాన్ని, నాకు తెలుసు. సరుకు వెళ్ళినప్పుడు గోరు ఉందా అని మేస్త్రి అడిగితే, "ఉందేమో, గుర్తు లేదు" అంది వదిన.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారంటారు. నేను తడుముకోలేదు. నా ఎడమ ఉంగరం వేలికి గుడ్డ చుట్టి ఉంది. వేలు తెగిందని సెప్టెంబరులోనే అందరికీ చెప్పాను. మేస్త్రి నా చేతులు ఒకసారి చూసి వదిలేశాడు.

"ఇరవై రెండేళ్ళ అనుభవం అయితే ఏంటమ్మా, గోరు గోరే" అన్నాడు ఆమెతో.

రేపటి నుంచి ఆమె బల్ల దగ్గరకు రానక్కర్లేదు. వెనక పెరట్లో ఖాళీ పెట్టెలు కడగాలి.

వదిన బొటనవేలు పిడికిట్లో పెట్టుకుని నిలబడింది.

నవంబరు 5

వదిన పెట్టెలు కడుగుతోంది.

నవంబరు 6

వెనక్కి వచ్చిన సరుకులో మరీ పాడవనివి పనివాళ్ళకు పంచారు. నాకు ఒక సంచి వచ్చింది. వదిన తీసుకోలేదు.

మా అత్తయ్య సంచి చూసి సంబరపడింది. ఆపిల్ వేయించమంది. నోట్లో ఒక్క పన్ను లేదు ఆవిడకి. దేవుడు ఆ పళ్ళు పీక్కుని ఈ పళ్ళిచ్చాడని తనే నవ్వుకుంటుంది.

ఈ వేపుడు నాకు నేర్పింది వదిన. పదకొండేళ్ళ క్రితం, మూడో నెలలో నా కడుపు పోయినప్పుడు, నేను తిండి మానేసి గోడవైపు తిరిగి పడుకుంటే వచ్చింది. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. మూకుడు ఎక్కడుందని అడిగింది. పుల్లటి గట్టి కాయలు నాలుగు, తొక్క తీయకుండా చిటికెన వేలి మందాన కోసింది. వెన్న కరిగి నురుగు అణిగాక ముక్కలు పరిచింది. ఒక వైపు రంగు వచ్చేదాకా గరిటె పెట్టనివ్వలేదు. తర్వాత తిప్పి, చెంచాడు పంచదార, ఉప్పు రెండు పలుకులు, దాల్చినచెక్క పొడి చిటికెడు. మూత పెట్టి వంద లెక్కపెట్టమంది. మూత తీసి ఇంకో వంద. అంతే. రొట్టె పక్కన పెట్టి ఇచ్చింది. నేను తిన్నాను. మూడు రోజులు వరసగా వచ్చి చేసి పెట్టింది.

తొక్క తీస్తే ముక్క నిలబడదని అప్పుడే చెప్పింది. చెంచా తగిలితే గుజ్జైపోతుంది.

ఇవాళ కోయడానికి కూర్చుని మొదటి కాయ తిప్పి చూశాను. మచ్చ మధ్యలో గాటు ఉంది. గోరు గాటైతే నెలవంకలా వంకరగా ఉంటుంది. ఇది తిన్నగా ఉంది, సూదితో గీసినట్టు. రెండో కాయ చూశాను. మూడోది చూశాను. తర్వాత చూడటం మానేశాను.

తొక్క తీసేశాను. మచ్చలున్న చోట కొంచెం లోతుగా చెక్కాను. తొక్కలన్నీ కాగితంలో చుట్టి చెత్తలో అడుగున వేశాను. మచ్చ ఉన్న తొక్క చేదుగా ఉంటుంది కదా. అందుకే తీశాను.

వేపుడు గుజ్జైంది. అత్తయ్యకు అదే బాగుంది. మా ఆయన మాత్రం, ఏంటిది, పసిపిల్లల తిండిలా ఉంది అన్నాడు.

నవంబరు 7

ఉంగరం ఊడదు. లాగి చూశాను.

నవంబరు 10

వదిన లేని బల్ల దగ్గర ఆరో రోజు. ఆమె పక్కనుంటే మాటలు నడిచేవి. కాయ చేతిలోకి తీసుకుని ఇంత బరువని చెప్పేది, కాటా మీద పెడితే అంతే ఉండేది. అందుకే తక్కెడ వదిన అయింది. మొగుణ్ణి కూడా ఇలాగే తూచి చేసుకున్నావా అని షెడ్డులో ఆడవాళ్ళు ఏడిపించేవాళ్ళు. "అక్కడే తూకం తప్పింది" అనేది. ఆ ఒక్కసారి తప్ప ఇంకెప్పుడూ తప్పలేదని గొప్ప ఆమెకు.

ఇవాళ మేస్త్రి అందరూ వినేలా చెప్పాడు, మూడో బల్ల ఇక నాదేనని, తోడుకు ఎవరినైనా నన్నే ఎంచుకోమని. రెండో బల్ల ఆవిడ నా వెనక నుంచి, "ఏకై వచ్చి మేకై కూర్చుంది" అంది. నాకు వినపడాలనే అంది. కోపం రావాల్సింది. రాలేదు.

ఎడమచేత్తో కాయ ముట్టుకోవడం లేదు. ఒంటిచేత్తో పని సాగట్లేదు. గుడ్డ ఇంకో రెండు చుట్లు చుట్టాను.

ఉంగరం ఆయన తెచ్చింది. ఆగస్టులో తిరిగి వచ్చినప్పుడు. ఏడాదిన్నర ఎక్కడున్నాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. చెయ్యి పట్టుకుని వేలికి పెట్టాడు. ఎర్ర రాయి, నాలుగు కొక్కేలు పట్టుకుని ఉంటుంది. ఆ ఏడాదిన్నరా షెడ్డులో నా మొహం మీద ఎవరూ ఏమీ అనలేదు. నా వెనక ఏమన్నారో నాకు తెలుసు. ఉంగరం అందరూ చూడాలనిపించింది. చూశారు కూడా. తర్వాత రేకు డబ్బాలో వెయ్యాలనిపించలేదు. అందులోంచి ఒకసారి ఎవరిదో చెవి దిద్దు పోయింది. అదీగాక ఊడలేదు. ఊడలేదు కాబట్టి గుడ్డ చుట్టాను. రాయి పైకి ఉంటే గుడ్డ ఉబ్బెత్తుగా కనిపిస్తోందని అరచేతి వైపు తిప్పి చుట్టాను.

అరచేతి వైపు.

వేలికి ఏమైందని వదిన అడిగింది అప్పుడు. తెగింది అన్నాను. మర్నాడు ఇంటి నుంచి మెత్తటి పాత గుడ్డ చింపి తెచ్చింది, గరుకు గుడ్డైతే పుండు మానదని. ఇన్నాళ్ళూ నా వేలికి ఉన్నది ఆ గుడ్డే.

నవంబరు 11

వదిన పెట్టెలు కడుగుతోంది. గొట్టంలోంచి వచ్చేది చల్లటి నీళ్ళు. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆమె బట్టలు తడిసి ఉన్నాయని విడిగా ఎండలో కూర్చుంది. చెంచా పట్టుకోవడానికి రెండుసార్లు ప్రయత్నించింది. వేళ్ళు ముడుచుకోలేదు.

నేను గోడవైపు తిరిగి తిన్నాను.

నవంబరు 13

సబ్బు రాసి తిప్పితే ఉంగరం వచ్చేసింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

మొదటి రోజు కూడా వచ్చేదే.

రాయిని పట్టుకున్న కొక్కేల్లో ఒకటి ఎప్పుడు లేచిందో, గుడ్డలోంచి పొడుచుకొచ్చేంత పైకి లేచి ఉంది. వేలితో తడిమితే తగులుతుంది. వంటింటి అలమారలో చక్కెర డబ్బా వెనక పెట్టాను. ఏదీ ఉంగరం అని ఆయన అడిగితే పిండి కలుపుతున్నానని చెప్పాలి. ఆయన అడగలేదు.

నవంబరు 15

సెలవు. వదిన దగ్గరకు వెళ్ళాను. ఉత్త చేతులతో వెళ్ళలేక ఆపిల్ వేయించి, మూత గిన్నెలో పెట్టి తీసుకెళ్ళాను. ఇవీ తొక్క తీసినవే. చెప్పేద్దామనే వెళ్ళాను. అలాగని ఇక్కడ రాసుకుంటున్నాను, నిజమో కాదో నాకు తెలియదు.

వదినది ఒకే గది. కిటికీకి అడ్డంగా తీగ కట్టి తడి బట్టలు ఆరేసింది. వేళ్ళు ఉబ్బి, చివర్లు తెల్లగా ఉన్నాయి. బొటనవేలి గోరు కండదాకా కత్తిరించుకుంది, అంచున నెత్తురు చార కనబడుతోంది. బల్ల మీద బఠాణీలు లేవు. ఒకటే ఆపిల్ కాయ ఉంది, చెట్టు నుంచి తాజాగా తెంపినది. ఏదో ఒకటి మాట్లాడాలని, ఇదెంత ఉంటుంది వదినా అని పాత ఆట లాగా అడిగాను. చేతిలోకి తీసుకుంది. నూట యాభై గ్రాములు అంది. ఒక్క క్షణం ఆగి, ఇంకా ఎక్కువేమో అంది. తర్వాత "ఏమో" అని బల్ల మీద పెట్టేసింది.

తూకం దగ్గర ఆమె నోట ఏమో అన్న మాట నేనెప్పుడూ వినలేదు.

గిన్నె మూత తీసింది. చెంచాతో ముక్క కదిపితే గుజ్జైంది.

"తొక్క తీశావేం? నేను నీకు ఇలా నేర్పలేదే."

మా అత్తయ్యకు పళ్ళు లేవు కదా అన్నాను. అత్తయ్యకు పళ్ళు లేక ఎనిమిదేళ్ళైంది, ఇన్నేళ్ళూ ఆవిడకు విడిగానే చేశాను. అది వదినకూ తెలుసు.

ఆమె నా వైపు చూసింది. ఇక బయటపడిందనుకున్నాను.

"వెనక్కి వచ్చిన కాయలు కదూ ఇవి" అంది. "నా గోటి గాట్లు నా కంట పడకూడదని తీశావు. నాకు తెలియదనుకున్నావా, పిచ్చిదానా."

నేను కాదనలేదు.

"అంత మంచితనం పనికిరాదే నీకు" అంది. గుజ్జు మొత్తం తిన్నది. గిన్నె తర్వాత పంపుతానంది. నేను బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి, నా వేలికి గుడ్డ లేదని చూసి, పుండు మానిందా అని అడిగింది. మానిందన్నాను.

నవంబరు 16

వంట చేయలేదు. అత్తయ్య ఉడికిన గుడ్డు, రొట్టె తిన్నది. ఏమైందే అని రెండుసార్లు అడిగింది. తలనొప్పి అన్నాను.

నవంబరు 17

సాయంత్రం పని కాగానే నేరుగా వదిన గదికి వెళ్ళాను. సంచిలో మిగిలిన కాయల్లోంచి మచ్చలున్నవి మూడు తీసుకెళ్ళాను. ఉంగరం కూడా. నాలుగూ బల్ల మీద పెట్టాను. ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూనే వెళ్ళాను. గుడ్డ కింద ఇది ఉంది వదినా అని మాత్రం అన్నాను.

ఆమె కాయలు కిటికీ దగ్గరకు తీసుకెళ్ళింది. ఒక్కొక్కటీ వెలుతురుకు తిప్పి చూసింది. తర్వాత ఉంగరం తీసుకుని, మచ్చలేని తన కాయ మీద రాయి వైపు ఆనించి నొక్కింది. తీసి చూసింది. నా వైపు తిరగకుండానే మాట్లాడింది.

"ఈ పదమూడు రోజులూ నా గోరే అనుకున్నాను."

అవునన్నాను.

"రెండోసారి తూకం తప్పానే అనుకున్నాను. ఇంట్లో బఠాణీలు కూడా మానేశాను."

నవ్విందేమోనని చూశాను. నవ్వలేదు. మేస్త్రికి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా అని అడిగింది. నేనే చెబుతానన్నాను.

"ఎప్పుడు?"

"రేపు."

తను నొక్కి చూసిన కాయను చేతిలో ఒకసారి ఎగరేసి పట్టుకుంది. నూట డెబ్బై అంది. ఈసారి ఆగలేదు. ఆ కాయా, మచ్చల కాయలూ, ఉంగరమూ నా సంచిలో వేసింది. గుమ్మం దాకా రాలేదు.

నవంబరు 18

మేస్త్రి ఊళ్ళో లేడు.

వదిన ఇచ్చిన కాయ షెడ్డు కాటా మీద పెట్టి చూశాను. నూట డెబ్బై.

నవంబరు 19

మేస్త్రి వచ్చాడు. లారీ ఎక్కించే హడావుడిలో ఉన్నాడు. పనిలో ఉన్న మనిషితో ఇలాంటివి చెప్పకూడదు.

నవంబరు 20

వదిన పెట్టెలు కడుగుతోంది. తనే వెళ్ళి చెప్పచ్చు. చెప్పలేదు. నేను పెరట్లోకి వెళ్తే నా మొహం చూడదు, నా చేతులు చూస్తుంది.

నవంబరు 21

చెప్పాను.

పొద్దున్నే, పని మొదలుకాక ముందు, అందరూ ఉండగానే. విడిగా చెప్పాలనే వెళ్ళాను, కానీ ఏంటి విషయం అని మేస్త్రి అక్కడే అడిగాడు. పక్కకు రమ్మంటే ఇవాళ కూడా చెప్పనని తెలిసి అక్కడే చెప్పాను. ఉంగరం, మచ్చల కాయ రెండూ చూపించాను. మేస్త్రి గాటు మీద రాయి ఆనించి చూశాడు. సరిగ్గా సరిపోయింది.

"పదిహేడు రోజులు నోట్లో ఏం పెట్టుకుని కూర్చున్నావు?"

భయపడ్డానని చెప్పచ్చు. అది నిజం కాదు. మొదటి రోజు భయం, ఒప్పుకుంటాను. తర్వాత రోజులన్నీ భయం కాదు. బల్ల దగ్గర నేను ఒక్కదాన్నే నిలబడ్డాను. మేస్త్రి నా పేరు ఎత్తి మెచ్చుకున్నాడు. అది బాగుంది నాకు.

ఇది అక్కడ అనలేదు. ఇక్కడ రాసుకుంటున్నాను.

మేస్త్రి పెరటి గుమ్మం దగ్గరకు వెళ్ళి వదినను పిలిచాడు. క్షమించమనలేదు. గోళ్ళు చూపించమన్నాడు. చూపించింది. సరే, బల్ల దగ్గరకు వెళ్ళు అన్నాడు. ఆమె లోపలికి వస్తూ రబ్బరు బూట్లు విప్పి నా ముందు పెట్టింది. ఇక పెట్టెలు కడగాల్సింది నేనే అని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. బూట్లు తడిగా, లోపల వెచ్చగా ఉన్నాయి.

రెండో బల్ల ఆవిడ ఇవాళ ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. ఇంటికి వచ్చి ఉంగరం మళ్ళీ చక్కెర డబ్బా వెనక పెట్టాను.

నవంబరు 24

పెట్టెలు కడుగుతున్నాను. మూడో రోజుకు వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. వదిన పదహారు రోజులు చేసింది ఈ పని.

గొట్టం దగ్గర నుంచి చూస్తే తలుపు సందులోంచి మూడో బల్ల కనిపిస్తుంది. వదిన పక్కన కొత్తమ్మాయిని పెట్టారు. మధ్యాహ్నం లోపల గట్టిగా నవ్వులు వినిపించాయి. మొగుణ్ణి తూచిన మాట మళ్ళీ ఎవరో అడిగినట్టున్నారు. వదిన ఏం చెప్పిందో నీళ్ళ చప్పుడులో వినపడలేదు.

సాయంత్రం నేను బూట్లు విప్పుకుంటుంటే వదిన నా గిన్నె తెచ్చి కడిగిన పెట్టెల మీద పెట్టింది. నేను లేచి నిలబడ్డాను. అప్పటికే వెళ్ళిపోతోంది.

పదకొండేళ్ళలో ఆమె గిన్నె ఉత్తగా తిరిగి ఇవ్వలేదు. రెండు కాయలో, గుప్పెడు గింజలో, ఏమీ లేకపోతే చిటికెడు చక్కెరైనా వేసి ఇచ్చేది.

మూత తీసి చూశాను. శుభ్రంగా కడిగి ఉంది. పొడిగా తుడిచి కూడా ఉంది.

నవంబరు 25

సంచిలో ఆఖరి కాయలు ఆరు. ఆరూ వేయించాను. తొక్క తీయలేదు. కుళ్ళిన భాగం మాత్రం కోసేసి మిగతాది అలాగే ఉంచాను. వెన్న నురుగు అణిగేదాకా ఆగాను. ఒక వైపు రంగు వచ్చేదాకా గరిటె పెట్టలేదు. మూత పెట్టి వంద, తీసి వంద. ముక్కలు నిలబడ్డాయి. అత్తయ్య తొక్క నమల్లేక చప్పరించి పక్కన పెట్టింది, ముసలిదాని మీద పగ పట్టావా అంది. రేపు మీకు విడిగా చేస్తానన్నాను.

ఆయన ఒక ముక్క చేత్తో తీసుకుని, తొక్క మీద చార చూసి, ఇదేంటని అడిగాడు. కాయలు వెనక్కి వచ్చాయి కదా, అదే గాటు అన్నాను. ఎవరో ముసలావిడ గోరని చెప్పావు కదా అన్నాడు. అవును, నేనే చెప్పాను, ఈ వంటింట్లోనే.

ముక్కను దీపం వైపు తిప్పి చూశాడు. మా పని గురించి ఆయనకు ఏమీ తెలియదు. చెట్టు మీద కాయకూ నేలరాలిన కాయకూ తేడా తెలియని మనిషి.

"గోరు కాదే ఇది" అన్నాడు.

"కాదు" అన్నాను.

ఆయన ముక్క కింద పెట్టి నా చేతుల వైపు చూశాడు. చక్కెర డబ్బా పక్కకు జరిపాను.